పాత రివాల్వరు: దాని స్థితి, దాని పుట్టుక – ఒక విమర్శ

కాజీపేట జంక్షను ఊరు. 1929లో బల్హార్షా మార్గం పూర్తి అయినది మొదలు ఢిల్లీ నుండి నాటి మద్రాసుకు పోయే పెద్దదారి ఈ ఊరి మీదుగానే సాగుతున్నది. అటువంటి చోట పాత ఇళ్ళ అటకల మీదికి నాలుగు దిక్కుల వస్తువులు చేరుతాయి. రైలు లాంతర్లు, ఇత్తడి తాళాలు, గార్డుల ఈలలు, పింఛను పుచ్చుకొన్న సిపాయిల పెట్టెలు ఇలాంటివే. అటువంటి పెట్టె అడుగున ఒక పాత రివాల్వరు బయటపడినదనుకొందాము. చూడవచ్చినవారి నోట తప్పకుండా మూడు మాటలు వస్తాయి. ఇది నూరేళ్ళ నాటిది అని ఒకరు, ఇది ఫలానా వీరుని చేతిది అని మరొకరు, కొంచెం గరుకు కాగితంతో రుద్దితే కొత్తదానివలె మెరుస్తుంది అని ఇంకొకరు.

ఈ మూడు మాటల యోగ్యతను తేల్చడమే ఈ వ్యాసం పని. మొదటి మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు. రెండవ మాటకు సాక్ష్యం కావలె. మూడవ మాట అన్నింటికంటె ప్రమాదకరమైనది. ఏలననగా, మొదటి రెండు మాటలను తేల్చగల సాక్ష్యం ఆ తుప్పు కిందనే ఉన్నది. గరుకు కాగితం తుప్పుతోబాటు దానిని కూడా తీసివేస్తుంది.

విమర్శ అనగా తప్పులు పట్టడం కాదు, గుణదోషాలను ప్రమాణంతో విచారించడం. కావ్యాన్ని పరిష్కరించే పండితుడు తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టి, ఏది అసలు పాఠం, ఏది తరువాత చేరిన ప్రక్షిప్తం అని విడదీస్తాడు. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనాన్ని చదివిన చరిత్రకారులు కూడా ఊరివారు చెప్పే కథతో తృప్తి పడలేదు. లిపిని, శక సంవత్సరాన్ని, రాజు పేరును కలిపి చూచి 1163వ సంవత్సరమని నిర్ణయించారు. లోహపు వస్తువు కూడా ఒక ప్రతియే, ఒక శాసనమే. చదివే పద్ధతి మాత్రం వేరు.

రివాల్వరు అనగా ఏమి?

ఇక్కడ ఒక పొరపాటును మొదటనే సరిదిద్దుకోవలె. చేతిలో ఇమిడే తుపాకినల్లా రివాల్వరు అనకూడదు. తూటాలు ఉండే గదులు ఒక గుండ్రని సిలిండరులో చుట్టూ అమరి, ఒక్కొక్క పేల్పుకు సిలిండరు తిరిగి కొత్త గదిని గొట్టానికి ఎదురుగా నిలిపేదే రివాల్వరు. ఆరు గదులు ఉంటే ప్రతిసారి 360లో ఆరవ వంతు, అనగా 60 డిగ్రీలు తిరగవలె. ఒక డిగ్రీ తక్కువైనా, ఎక్కువైనా గది గొట్టానికి సూటిగా నిలువదు. ఈ చిన్న జ్యామితియే యంత్రం ఆరోగ్యానికి కొలబద్ద అని ముందు ముందు చూస్తాము.

అమెరికాలో శామ్యూల్ కోల్టు 1836లో తన రివాల్వరుకు పేటెంటు పొందినాడు. 1851లో లండను మహాప్రదర్శనలో అతని ఆయుధానికి పోటీగా ఇంగ్లండువాడైన రాబర్టు ఆడమ్సు తన రివాల్వరును ప్రదర్శించినాడు. కోల్టు చట్రం పైన తెరచి ఉండేది. ఆడమ్సు గొట్టాన్ని, చట్రాన్ని ఒకే ముక్కగా చేసినాడు. ఆడమ్సు నమూనాకు బోమాంటు అనే సైనికాధికారి చేసిన మెరుగును కలిపి బ్రిటిషు సైన్యం 1856లో స్వీకరించినది. 1887 నుండి బర్మింగుహాములోని వెబ్లీవారి రివాల్వర్లు సైన్యంలో వరుసగా ప్రవేశించాయి. వాటిలో ఆరవ నమూనా 1915 మే నెలలో వచ్చినది. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిషు, భారతీయ సేనల అధికారుల నడుములకు వేలాడినది ఎక్కువగా ఇదే. 1932లో దానికంటె చిన్నదైన ఎన్‌ఫీల్డు రివాల్వరు దాని స్థానానికి వచ్చినది. మన ప్రాంతంలో పాత సైనిక రివాల్వరు కనబడినదంటే ఈ వంశాలలో దేనిదో అయి ఉండే అవకాశం హెచ్చు.

పుట్టుకను చదవడంలో పొరపాట్లు

అన్నింటికంటె సాధారణమైన పొరపాటు పేటెంటు సంవత్సరాన్ని తయారీ సంవత్సరంగా చదవడం. గ్రంథం మొదటి ముద్రణ సంవత్సరం చూచి, చేతిలోని పదవ ముద్రణను ఆనాటిదే అన్నట్లుంటుంది ఇది. పేటెంటు వచ్చిన పదేళ్ళకో, ఇరవై ఏళ్ళకో కూడా అదే అక్షరాలతో ఆయుధాలు తయారవుతూ ఉండవచ్చును.

రెండవ పొరపాటు ఊరి పేరుకు సంబంధించినది. గొట్టం మీద లండను అని చెక్కి ఉంటే లండనులో పుట్టినదని అనుకొంటారు. అది చాలాసార్లు అమ్మిన దుకాణం ఊరు మాత్రమే. చేసిన చోటు బర్మింగుహాము కావచ్చు. దీనిని తేల్చేది పరీక్షాశాల ముద్ర. ఇంగ్లండులో ప్రతి తుపాకిని అమ్మకానికి ముందు మామూలుకంటె హెచ్చు మందుగుండుతో పేల్చి పరీక్షించి ముద్ర వేయవలెనని చట్టమున్నది. బర్మింగుహాములో ఇందుకొరకు 1813లో పరీక్షాశాల ఏర్పడినది. లండనుది అంతకంటె పాతది. రెండింటి ముద్రలు వేరు. పైగా కాలాన్ని బట్టి ముద్రలలోని అక్షరాలు మారినవి. 1904లో బర్మింగుహాము ముద్రలు మారడం వలన, ఆ సంవత్సరానికి ముందుదా, తరువాతిదా అని ముద్ర చూచియే చెప్పవచ్చును.

మూడవది ప్రభుత్వపు గుర్తు. చిన్న బాణం మొన గుర్తు బ్రిటిషు ప్రభుత్వ ఆస్తికి చిహ్నం. ఆ బాణం కింద ఇంగ్లీషు ఐ అక్షరం ఉంటే భారత ప్రభుత్వపు ఆస్తి. రెండు బాణాలు మొనలు ఎదురెదురుగా ఉంటే, ప్రభుత్వం ఆ ఆయుధాన్ని తన లెక్కల నుండి తీసి అమ్మివేసినదని అర్థం. ఈ ఒక్క గుర్తు కనబడినప్పుడు, యుద్ధరంగం నుండి నేరుగా మా తాత చేతికి వచ్చినదనే కథ నిలువదు. నడుమ ఒక అమ్మకం జరిగినదన్నమాట. దీనికి విరుద్ధమైన తొందరపాటు కూడా కూడదు. బాణం గుర్తు లేనంత మాత్రాన అది సైనికుడు వాడినది కాదనరాదు. ఆ కాలపు అధికారులు చాలామంది తమ రివాల్వర్లను సొంత డబ్బుతో దుకాణాలలో కొనుక్కొనేవారు. అటువంటివాటి మీద వ్యాపారపు ముద్రలే ఉంటాయి.

నాలుగవది హైదరాబాదు సంస్థానపు ప్రాంతాలలో ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు. పారసీక అంకెలలో 1318 అని ఒక వస్తువు మీద ఉన్నదనుకొందాము. అది హిజ్రీ సంవత్సరమైతే క్రీస్తుశకం 1900-01 అవుతుంది. సంస్థానపు కచేరీలలో వాడిన ఫసలీ అయితే 590 కలపవలె గనుక 1908-09 అవుతుంది. అంకెలు అవే, తేడా ఎనిమిదేళ్ళు. హిజ్రీ చాంద్రమానం కనుక ఏటేటా సౌరమానం కంటె సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. అందువలన రెండు శకాల మధ్య తేడా ఎప్పుడూ ఒకటిగా ఉండదు. ఏ శకమో తేల్చకుండా సంవత్సరం చెప్పేవాడు సగం మాత్రమే చదివినట్లు.

అయిదవది నకళ్ళ సంగతి. ఖైబరు కనుమ ప్రాంతంలోని పల్లె కార్ఖానాలలో చేతి ఆకురాళ్ళతోనే బ్రిటిషు ఆయుధాలకు నకళ్ళు చేసే విద్య తరతరాలుగా ఉన్నది. పనివాని నైపుణ్యానికి చేయెత్తి మొక్కవలసిందే. కాని ఇంగ్లీషు రానివాడు ఇంగ్లీషు ముద్రలను బొమ్మలుగా చూచి చెక్కినందున అక్షరాలు తిరగబడతాయి, వర్ణక్రమం తప్పుతుంది. 1915లో పుట్టిన నమూనా మీద 1901లోనే చనిపోయిన విక్టోరియా రాణి పొడి అక్షరాలు కనబడతాయి. లేఖకుడు అర్థం తెలియక ప్రతి రాసినప్పుడు తాళపత్రంలో దొర్లే తప్పులకు, వీటికి భేదం లేదు. ఇక్కడ విమర్శకునికి పట్టిచ్చేది ఆ తప్పే.

లెక్కతో ఒక పరీక్ష

విద్యార్థులు చేయదగిన ఒక లెక్క ఇక్కడ ఉన్నది. ఆడమ్సు రివాల్వరు పరిమాణాన్ని ఆ రోజులలో 54 బోరు అనేవారు. దాని అర్థం ఏమనగా, ఆ గొట్టానికి సరిపోయే గుండ్రని సీసపు గుండ్లు 54 కలిసి ఒక పౌను తూగుతాయి అని. పౌను 453.6 గ్రాములు. 54తో భాగిస్తే గుండు బరువు 8.4 గ్రాములు. సీసం సాంద్రత ఘన సెంటిమీటరుకు 11.34 గ్రాములు కనుక గుండు ఘనపరిమాణం 0.741 ఘన సెంటిమీటర్లు. గోళం సూత్రాన్ని బట్టి వ్యాసం 1.12 సెంటిమీటర్లు, అనగా 0.442 అంగుళం వస్తుంది. పాత పుస్తకాలలో 54 బోరు అని ఒకచోట, 442 అని మరొకచోట చూచి రెండు వేరు ఆయుధాలనుకొనేవారికి ఈ లెక్క సమాధానం చెబుతుంది. పేర్లు రెండు, కొలత ఒకటే.

స్థితి అనగా మెరుపు కాదు

ఇక స్థితి విషయం. మన ఇళ్ళలో ఇత్తడి చెంబును చింతపండుతో తోమితే శుభ్రమైనదంటాము. ఆ కొలతనే పాత ఉక్కుకు పెట్టడం పెద్ద తప్పు. ఉక్కు ఉపరితలం మీద నల్లగా, నీలంగా కనబడేది మురికి కాదు. అది ఇనుమును ఆమ్లజనితో అదుపులో కలిపి తయారీదారు కావాలని పెంచిన పలుచని ఆక్సైడు పొర, దాదాపు అయస్కాంత శిల జాతికి చెందినది. ఎర్ర తుప్పు వేరు. తేమ, గాలి కలిసి ఇనుమును తింటే వచ్చేది అది. తాను పుట్టిన ఇనుముకంటె రెండింతలకు పైగా చోటు ఆక్రమించడం వలన అది పొరలు పొరలుగా లేచిపోతుంది. నల్లపొర లోపలి ఇనుమును కొంతవరకు కాపాడుతుంది, ఎర్ర తుప్పు కాపాడదు. గరుకు కాగితానికి ఈ రెండింటికి భేదం తెలియదు.

గొట్టం లోపలి గుంతలకు మరొక కారణం ఉన్నది. ఆ కాలపు తూటాల అడుగున నిప్పురవ్వ పుట్టించే మందులో పొటాసియం క్లోరేటు ఉండేది. పేలినప్పుడు అది తన ఆమ్లజనిని విడిచి పొటాసియం క్లోరైడుగా మారి గొట్టంలో మిగిలిపోతుంది. ఇది మన వంటింటి ఉప్పుకు దగ్గరి చుట్టం. గాలిలోని చెమ్మను పట్టి ఉంచి ఇనుమును తినివేస్తుంది. నూనెలో కరగదు, నీటిలో కరుగుతుంది. కనుకనే నాటి సిపాయిలు గొట్టాన్ని ముందు వేడినీటితో కడిగి, ఆరబెట్టి, తరువాతనే నూనె రాసేవారు. పైన నిగనిగలాడుతూ లోపల గుంతలు పడిన రివాల్వరు కనబడితే, పేల్చిన తరువాత కడగని నిర్లక్ష్యం అక్కడ రాసి ఉన్నదని చదువుకోవచ్చును.

పిడి రేకులు కూడా సాక్షులే. వెబ్లీ రివాల్వర్ల పిడికి గంధకంతో గట్టిపరచిన రబ్బరు వాడేవారు. వెలుతురు, గాలి తగిలినకొద్దీ దాని నలుపు తగ్గి గోధుమరంగు వస్తుంది. లోహం వెలిసి, పిడి మాత్రం కారునలుపుగా ఉంటే, పిడి తరువాత మార్చినదేమో అని అనుమానించవలె. ఇవే ప్రక్షిప్తాలు.

నికెలు పూత మరొక ప్రక్షిప్తం. పూత కింద గుంతలు కనబడుతుంటే, తుప్పు ముందు, పూత తరువాత అని వరుస తేలుతుంది. ముద్రల అక్షరాల అంచులు పదునుగా ఉన్నవా, సబ్బు బిళ్ళ మీద అక్షరాలవలె అరిగినవా అని కూడా చూడవలె. అంచులు అరిగి, ఉపరితలం మాత్రం కొత్తగా ఉంటే, ఎవరో సానపట్టి మళ్ళీ రంగు వేసినారు. చట్రం మీది సంఖ్య, సిలిండరు మీది సంఖ్య కలియకపోతే రెండు వేరు ఆయుధాల భాగాలు ఒకటైనవి.

యంత్రం విషయానికి వస్తే, వెబ్లీ ఆరవ నమూనాలో గొప్ప గుణం, పెద్ద దోషం ఒకే చోట ఉన్నవి. చట్రం మధ్యలో కీలు ఉండి, పైన బిగువు తీసి గొట్టాన్ని కిందికి వంచితే ఆరు ఖాళీ తూటాలు ఒక్కసారిగా పైకి లేస్తాయి. కందకాల బురదలో పోరాడేవానికి ఇది వరం. కాని చట్రం రెండు ముక్కలైనందున, ఏళ్ళ తరబడి వాడకంతో కీలు, బిగువు అరిగి గొట్టం కదలాడుతుంది. పైన చెప్పిన 60 డిగ్రీల నియమం కూడా సిలిండరును తిప్పే కొక్కెం అరిగినకొద్దీ సడలుతుంది. కిలోగ్రాముకు పైబడిన బరువు మరొక లోపం. వస్తువు స్థితిని చెప్పేవాడు ఈ అరుగుదలను చెప్పవలె గాని మెరుపును కాదు. ఈ పరీక్ష లైసెన్సు ఉన్న నిపుణుడో, పోలీసు ఆయుధాగారపు నిపుణుడో చేయవలసినదే గాని ఇంట్లో చేసేది కాదు.

ఒక సంఖ్య తేల్చిన చరిత్ర

రుద్దడం వలన ఏమి పోతుందో, సంఖ్య నిలిస్తే ఏమి దక్కుతుందో తెలిపే ఉదాహరణ మన దేశంలోనే ఉన్నది. 1928 డిసెంబరు 17న లాహోరులో సాండర్సు హత్యలో భగత్‌సింగు వాడిన పిస్తోలు దశాబ్దాల పాటు ఎక్కడున్నదో లోకానికి తెలియలేదు. అది కోల్టువారి .32 పిస్తోలు, రివాల్వరు కాదు. ఇందూరులో సరిహద్దు భద్రతాదళం వారి ఆయుధ శిక్షణ సంస్థ ప్రదర్శనశాలలో అది మిగతా ఆయుధాలతోబాటు, తన పేరు లేకుండానే ఉన్నది. తుప్పు పట్టకుండా నల్లరంగు పూసినారు. ఒక పత్రికా విలేఖరి లాహోరు కేసు కాగితాలలోని సంఖ్యను పట్టుకొని వెదకుతూ పోగా, రంగు తీసి చూస్తే 168896 అన్న అదే సంఖ్య కనబడినది. 2017లో దానిని పంజాబులోని హుస్సేనీవాలాకు తరలించినారు.

ఇక్కడ గమనించవలసినది రెండు సంగతులు. కథ ఎంత గొప్పదైనా దానిని నిరూపించినది కథ కాదు, లోహం మీది సంఖ్య, కాగితం మీది సంఖ్య ఒకటి కావడం. రెండవది, ఆ రోజు రంగు బదులు ఆకురాయి వాడి ఉంటే, మన చరిత్ర గుర్తు ఒకటి పేరులేని ఇనుపముక్కగా మిగిలిపోయేది. ముద్ర కొట్టినప్పుడు అక్షరం కింది లోహపు స్ఫటికాలు కూడా నలుగుతాయి కనుక, పైపైన ఆకురాయి పెట్టిన సంఖ్యను తగిన ఆమ్లద్రావణంతో ఒక్కోసారి తిరిగి కనిపించేట్లు చేయగలరు నేరపరిశోధన ప్రయోగశాలలవారు. నలిగిన భాగం, నలగని భాగం ఆమ్లానికి వేరువేరుగా లొంగడమే అందులోని కిటుకు. కాని నలిగిన పొర కూడా పోయేంతగా అరగదీసిన తరువాత ఏ శాస్త్రమూ చేయగలిగినది లేదు.

ఉండవచ్చు, బహుశా, నిశ్చయం

మన ప్రాంతపు కథలకు ఇప్పుడు వద్దాము. హైదరాబాదు లాన్సర్లు మొదటి ప్రపంచయుద్ధంలో పాలస్తీనా రంగానికి వెళ్ళిన మాట నిజం. 1918 సెప్టెంబరు 23న హైఫా మీద దాడి చేసిన మైసూరు, జోధ్‌పూరు దళాలతో వారు ఒకే బ్రిగేడులో ఉన్నారు. కనుక 1917 నాటి వెబ్లీ ఒకటి అటువంటి సైనికుని వెంట తెలంగాణకు వచ్చి ఉండవచ్చును. 1946 నుండి సాగిన సాయుధ పోరాటంలో, 1948 సెప్టెంబరు 13న మొదలై 17న ముగిసిన సైనిక చర్య నాటి గందరగోళంలో ఆయుధాలు చేతులు మారిన మాట కూడా నిజం. కనుక ఒక రివాల్వరు దళం చేతిలోనో, రజాకారు చేతిలోనో ఉండి ఉండవచ్చును. కాని ఒకే వస్తువుకు ఒక ఇంట్లో ఒక కథ, పక్క ఇంట్లో దానికి విరుద్ధమైన కథ వినబడినప్పుడు, ఉండవచ్చు అనే మాట ఎంత తేలికైనదో తెలుస్తుంది. ప్రాణాలు ఇచ్చినవారి పేర్లను ఆధారం లేకుండా వస్తువులకు తగిలించడం వారికి గౌరవం కాదు. ఒక కథ అబద్ధమని తేలిన నాడు నిజమైన కథలను కూడా ఎవరూ నమ్మరు.

అందుచేత మూడు మాటలను వేరువేరుగా వాడుకోవలె. కాలం, చోటు అడ్డురానప్పుడు ఉండవచ్చు. ముద్రలు, సంఖ్యలు అటువైపే మొగ్గినప్పుడు బహుశా. వస్తువు మీది గుర్తు, స్వతంత్రమైన పత్రం రెండూ కలిసినప్పుడు మాత్రమే నిశ్చయం.

ఆయుధం, 19వ శతాబ్ది అని రెండు ముక్కలు రాసిన చీటీ చూపరికి ఏమీ నేర్పదు. ఊహించుకొన్న ఒక వస్తువుకు మంచి చీటీ ఇలా ఉండవలె: వెబ్లీ ఆరవ నమూనా, చట్రం మీద 1917, భారత ప్రభుత్వపు బాణం గుర్తు, సిలిండరు సంఖ్య వేరు, మరొక ఆయుధం నుండి వచ్చినది, నికెలు పూత తరువాతిది, కుటుంబ కథనం ప్రకారం పాలస్తీనా రంగం నుండి తెచ్చినది, పత్రసాక్ష్యం లేదు. ఇందులో గొప్పలు లేవు. కాని ప్రతి మాటకు వెనుక ఒక ఆధారం ఉన్నది. లేనిచోట లేదని చెప్పినది.

చట్టం, జాగ్రత్త, తరగతి గది

పాతదే కదా, లైసెన్సు ఎందుకు అనే భ్రమ చాలామందిలో ఉన్నది. 1972 నాటి పురావస్తువుల చట్టం సాధారణంగా నూరేళ్ళు నిండిన వస్తువును పురావస్తువు అంటుంది. కాని 1959 నాటి ఆయుధ చట్టం చూసేది వయస్సును మాత్రమే కాదు. నమూనా పాతబడినదైనా, పురాతనమైనదైనా, మరమ్మతు చేసినా చేయకపోయినా ఆయుధంగా పనికిరానిదైతేనే దానికి మినహాయింపు. 1917 నాటి వెబ్లీ నూరేళ్ళు దాటినది, కాని పనిచేయగలదు. కనుక పెట్టెలో అటువంటిది కనబడితే తాకకుండా, గదులు ఖాళీ అని నమ్మకుండా, పెద్దల ద్వారా పోలీసులకు తెలియజేయవలె. సిలిండరులో నూరేళ్ళ తూటా ఉండిపోతే అది ఎప్పుడు ఏమి చేస్తుందో ఎవరూ పూచీపడలేరు.

మరి ఉపాధ్యాయుడు ఈ విద్యను తరగతిలో ఎలా చూపవలె? ఆయుధం అక్కరలేదు. కాజీపేటలో ఒక పాత రైలు లాంతరు చాలు. దాని మీద ఎన్.జి.ఎస్.ఆర్. అని ఉంటే నిజాం గారంటీ రైల్వే నాటిది, అనగా 1930లో సంస్థానం ఆ రైల్వేను కొనకముందు వేసిన ముద్ర. ఎన్.ఎస్.ఆర్. అని ఉంటే ఆ తరువాతిది. గాజు అసలుదా, వత్తి మర మార్చినదా, రంగు కింద మరొక రంగు ఉన్నదా అని విద్యార్థులచేత ఒక్కొక్కటి రాయించవలె. పక్కనే 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలగా వెలసి, 2002 నుండి జాతీయ సాంకేతిక సంస్థగా ఉన్న విద్యాలయంలో లోహశాస్త్ర శాఖ ఉన్నది. తుప్పును గురించిన ప్రశ్నలు అక్కడ అడగవచ్చును.

చివరగా విద్యార్థులకు ఒక్క మాట. పాత వస్తువు చేతికి వస్తే ముందు బొమ్మ గీయండి, ముద్రలను ఉన్నవి ఉన్నట్లు ఎక్కించుకోండి, ఎవరు ఏమి చెప్పినారో తేదీతో రాసుకోండి. అంతవరకు తుప్పును తుడవకండి.